పెద్దవన్నీ తల్లులే

చేపల గురించి నాకు తెలిసినంత మరొకడికి తెలియదని పాతికేళ్ళ వయసులో గట్టిగా నమ్మేవాణ్ణి. గోదావరి పాయ ఒడ్డున పుట్టినవాడికి ఆ మాత్రం పొగరు ఉంటుంది. ఆ పొగరు షార్జాలో ఎలా దిగిపోయిందో రాద్దామని కూర్చుంటే, అసలు దిగిందో లేదో కూడా తేల్చుకోలేకపోతున్నాను. కొన్ని విషయాలు వయసుతోపాటు తేటపడతాయి. ఇది మాత్రం ఏటికేడు మరింత కలగాపులగం అవుతోంది.

ఏజెంటు నన్ను "ఓడలో పని" అని చెప్పి పంపించాడు. ఇనుప ఓడ, మెట్లు, గదులు, అన్నీ ఊహించుకుంటూ పంతొమ్మిదివందల డెబ్భైల నడిమిలో షార్జాలో దిగాను. ఖోర్ ఒడ్డున, అంటే ఊళ్ళోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ ఒడ్డున, నాకు చూపించింది నూనె పట్టి నల్లబడ్డ చెక్క లాంచీ. దాని నిండా చేపల వాసన. మా ఊళ్ళో వద్దనుకుని వదిలేసిన పనినే విమానం ఎక్కి మరీ వెతుక్కుంటూ వచ్చినట్టయింది. నా ముఖం చూసి లాంచీ మీదున్న మనిషి పగలబడి నవ్వాడు. "ఏంట్రా, పెద్ద కెప్టెన్ అయిపోదామనుకున్నావా? నేనూ అలాగే వచ్చానెహె. రా, బుట్టలు మొయ్యి," అన్నాడు. వినగానే తెలిసిపోయింది, మా యాసే. మా పాయకి అవతలి ఒడ్డు ఊరు ఆయనది. ఆ పూట నుంచి ఆయన నాకు బావ. చుట్టరికమేమీ లేదు, పిలవడానికి ఒక వరస కావాలి కదా.

లాంచీ యజమానిని అందరూ నోఖదా అనేవారు, అంటే పడవకి పెద్ద. మా కఫీల్ కూడా ఆయనే, మా వీసాలు ఆయన పేరు మీదే ఉండేవి. అరవై దాటిన మనిషి. ఎండకి కళ్ళు ముడతల్లోకి పోయి, నవ్వుతున్నాడో కోప్పడుతున్నాడో తెలిసేది కాదు. ఎక్కువసార్లు కోప్పడుతూనే ఉండేవాడు. ఆ లాంచీ వాళ్ళ నాన్న చేయించింది. తెరచాప తీసేసి ఇంజను పెట్టించడం తప్ప ఈయన దానిలో ఏమీ మార్చలేదు. మాతోపాటే కూర్చుని ఒకే పళ్ళెంలో అన్నం తినేవాడు. ఆయన మాట సగం అరబ్బీ, సగం హిందీ. కొన్నాళ్ళకి మాకూ అదే అలవాటైంది. ఇక్కడ ఆయన మాటలు తెలుగులో రాస్తున్నాను. వింటే ఆయనే నవ్వుకునేవాడు.

మా పని గర్గూర్లతో. గర్గూర్ అంటే ఇనుప తీగతో అల్లిన పెద్ద బుట్ట, బోర్లించిన గంపలా ఉంటుంది. పక్కన గరాటు లాంటి దారి ఒకటి. లోపల రొట్టె ముక్కలు, పాత చేపలు ఎరగా పెట్టి సముద్రం అడుగుకి దించుతాం. చేప లోపలికి వెళ్తుంది, బయటికి దారి దొరక్క అక్కడే తిరుగుతుంటుంది. "మనలాగేరా, రావడం తెలుసుగానీ ఎల్లడం తెలీదు," అనేవాడు బావ. కొన్నాళ్ళకి వచ్చి తాడు లాగి, చేపలు తీసుకుని, మళ్ళీ ఎర పెట్టి దించాలి. బుట్టలు చాలా, మంచు కరిగిపోతూ ఉంటుంది, నోఖదా వెనక నుంచి "యల్లా, యల్లా" అని అరుస్తూనే ఉంటాడు.

దొరికేవాటిలో ఖరీదైన చేప హమూర్. ఒంటి నిండా నారింజ రంగు చుక్కలు, ఇంత నోరు, పెళ్ళిలో అలిగిన మేనమామ ముఖం. దాన్ని మేం లాంచీ మీద కోసేవాళ్ళం కాదు. మంచులో పెట్టి అలాగే మార్కెట్టుకి అప్పజెప్పేవాళ్ళం. మా కూరకి షేరీ లాంటి చిన్నా చితకా చేపలు చాలు. అందుకే ఎన్ని హమూర్లు చేతుల మీదుగా వెళ్ళినా వాటి కడుపులో ఏముందో మాకెవరికీ తెలియదు. నోఖదాని అడిగితే, "కోసేది ఇంట్లో ఆడవాళ్ళు, నాకేం తెలుసు," అన్నాడు.

ఏటా చలి తగ్గి ఎండలు ముదరకముందు హమూర్లు ఒకచోట గుమిగూడేవి. ఆ చోటు నోఖదాకి వాళ్ళ నాన్న చూపించాడట. నీళ్ళ అడుగున రాళ్ళ గుట్ట. పైనుంచి చూస్తే ఏ గుర్తూ లేదు. ఆయన సీసం గుండుకి కొవ్వు రాసి తాడుతో కిందికి వదిలేవాడు. పైకి లాగాక ఆ కొవ్వుకి అంటుకున్న ఇసుకని వేళ్ళతో నలిపి చూసి, "ఇదే," అనేవాడు. మేం దాన్ని తావు అనుకునేవాళ్ళం. ఆ రెండు మూడు నెలల తావు చేపే లాంచీకి ఏడాదంతా తిండి పెట్టేది. నేను వచ్చిన మొదటి ఏడు అక్కడ పడిన హమూర్లని ఇద్దరం పట్టి ఎత్తాల్సి వచ్చింది. ఒకదాన్ని ఒక్కణ్ణే ఎత్తబోయి వెల్లకిలా పడ్డాను. అది నా మీద పడింది. నోఖదా ఆ రోజంతా తలుచుకుని తలుచుకుని నవ్వాడు.

మరుసటి ఏడు చేప కాస్త తగ్గింది. ఆ పై ఏడు ఇంకాస్త. బుట్టలో ఎన్ని పడ్డాయన్నది కాదు, ఒక్కొక్కటీ ఎంత ఉందన్నది. ఒక్కసారిగా తగ్గి ఉంటే వెంటనే తెలిసేది. ఒకరోజు మంచు పెట్టె మూత టక్కున పడిపోయింది. అంతకుముందు ఎప్పుడూ తోకలు అడ్డం వచ్చేవి. నోఖదా మూత మళ్ళీ తీసి చూశాడు, మళ్ళీ వేశాడు. "ఎర మార్చావు కదూ?" అని బావ మీద పడ్డాడు. లేదన్నాడు బావ. "కన్నాలు చిన్నవిగా అల్లావు," అని నా మీద పడ్డాడు. తర్వాత చంద్రుడి మీద, పక్క లాంచీల మీద, ఆ పైన సముద్రంలో చమురు తవ్వేవాళ్ళ మీద. రోజుకొకరు దొంగ. రేవుకి చేరేసరికి మళ్ళీ ఆయనే, "కాదేమోలే," అనేవాడు. మా ముగ్గురిలో ఒక్కరికీ ఏమీ అంతుబట్టలేదు.

ఆయన కొడుకు దుబాయ్‌లో ఆఫీసు ఉద్యోగి. వచ్చినప్పుడల్లా లాంచీ అమ్మేయమని పోరు పెట్టేవాడు. నోఖదా విననట్టే ఉండేవాడు. కానీ ఒకసారి తావు నుంచి తిరిగి వస్తూ, చుక్కాని మీద చెయ్యి తీయకుండా మాతో అన్నాడు: "తావు ఉన్నంతకాలం లాంచీ ఉంటుంది. తావు పోతే దీన్ని అమ్మేస్తాను. చేప లేనప్పుడు పడవెందుకు?" లాంచీ అమ్మితే మా వీసాలు ఖలాస్. ఆయనకి వాళ్ళ నాన్న రెండోసారి పోయినట్టు, మాకు దుబాయ్ పోయినట్టు. ఆ రోజు నుంచి తావు బతకాలన్నది ముగ్గురి గొడవా అయింది.

అప్పుడు మా గోదావరి తెలివి బయటికొచ్చింది. మా వైపు వరద నీళ్ళు ఎర్రబడగానే పులస సముద్రం నుంచి ఏటికి ఎదురెక్కి వస్తుంది, గుడ్లు పెట్టడానికి. వాటిలో వెడల్పుగా, బరువుగా ఉన్నది ఆడది, దాని కడుపులోనే జన, అంటే గుడ్ల తిత్తి, ఉంటుంది. చిన్నగా, సన్నగా ఉన్నది మగది. మా ఒడ్డున చేపలమ్మే ఏ ఆడమనిషైనా చేత్తో ఎత్తి చూసి చెప్పేస్తుంది. ఎర కట్టుకుంటూ ఒక ఉదయం బావ ఉన్నట్టుండి తాడు కింద పడేశాడు.

"ఒరేయ్ బామ్మర్దీ, మనం చేత్తన్నదేంటో తెల్సా? పెద్దవన్నీ తల్లులే. తల్లుల్ని ఏరి ఏరి అమ్మేత్తన్నాం. ఇంక పిల్లలెక్కణ్ణించి వత్తాయిరా?"

ఇంత సులువైన సంగతి ఇన్నాళ్ళూ నాకెందుకు తట్టలేదా అని ఒళ్ళు మండింది. ఇద్దరం వెళ్ళి నోఖదాకి చెప్పాం. పులస కథంతా చేతులు తిప్పుతూ వివరించాం. మర్నాడు తావు మీద మొదటి బుట్ట లేవగానే, "పెద్దవాటిని వదిలేయండి. చిన్నవి ఉంచండి," అన్నాడు. పట్టిన చేపని తిరిగి నీళ్ళలో వేయడం ఆయన జన్మలో అదే మొదటిసారి అనుకుంటాను. ఆ మాట అనేటప్పుడు చేప వైపు చూడలేదు.

ఈ సంగతి రేవులో పాకింది. పక్క లాంచీల వాళ్ళు మమ్మల్ని చూసి చేపల్లా నోళ్ళు తెరిచి మూసి వెక్కిరించేవారు. కొడుకు వచ్చి అరిచాడు. నోఖదా మా ఇద్దరినీ చూపించి, "వీళ్ళు నది మనుషులు. గుడ్ల సంగతి వీళ్ళకి తెలుసు," అన్నాడు. ఆ మాటకి మేమిద్దరం ఎంత ఉబ్బిపోయామో చెప్పలేను. వారం రోజులు బావ నాతో కూడా గొంతు మార్చి మాట్లాడాడు. అలా మూడు సీజన్లు పెద్దవాటిని వదిలాం, చిన్నవాటిని అమ్మాం. చేప పెరుగుతుందని ప్రతి ఏడూ ఎదురుచూశాం. పెరగలేదు. చిన్నవి మరీ చిన్నవయ్యాయి, పెద్దది ఎప్పుడో ఒకటి కనిపించేది.

ఆ మూడో సీజన్‌లో ఒక చేపకి బుట్ట తీగ గీరుకుని చర్మం ఊడింది. మార్కెట్టులో తీసుకోరని నోఖదా దాన్ని నా చేతిలో పెట్టాడు. అప్పుడు రోలాలో నేనుండే గదిలో కరీంనగర్ వైపు తమ్ముడొకడు ఉండేవాడు, బిల్డింగుల్లో కమ్మీలు కట్టే పని. శుక్రవారం వంట అతనిది. చేప పొట్ట కోసి కత్తి పక్కన పెట్టాడు.

"అన్నా, గిదేంది? గింతంత చేపకు అప్పుడే గుడ్లువడ్డయా?"

వంగి చూశాను. కడుపు నిండా జన, పసుపు పచ్చగా, రెండు తిత్తులుగా. మా లెక్క ప్రకారం అది మగది. ఆ లెక్క అతనికి చెప్పాను. "గట్లనా? దుబాయ్‌ల మొగోళ్ళకు సుత గుడ్లువడ్తయన్నట్టు," అని నవ్వుకుంటూ పొయ్యి ముట్టించాడు. నేనూ నవ్వాను. కూర బాగానే ఉంది, తిన్నాను. కానీ ముద్ద ముద్దకీ అనుమానమే. ఇది ఆడదైతే, ఇంత చిన్న వయసులో దీనికి గుడ్లేమిటి? మా పులస లెక్కేమైంది? మేం వదిలిన పెద్దవి ఎవరు?

బావకి చెబితే కొట్టిపారేశాడు. "నువ్ చూసింది కొవ్వురా. జనకీ కొవ్వుకీ తేడా తెలీని మొహం నువ్వూ." సరేనని మర్నాడు లాంచీ మీదే ఒకదాన్ని కోశాం. జన. ఇంకొకటి కోశాం. జన. బావ తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు. మూడోదాన్ని తనే తీసి కోశాడు. జన. "అన్నీ ఆడవే అయితే మరి మొగుళ్ళేర్రా?" అన్నాడు, నేనేదో దాచేసినట్టు నా వైపు చూస్తూ. నోఖదా ఆ మూడు చేపల్నీ వరసగా పేర్చి, ఒక్కో కడుపులో వేలు పెట్టి చూసుకున్నాడు.

అప్పట్లో చేపల శాఖ నుంచి ఒక ఈజిప్టు ఆయన రేవుకి వచ్చి, చేపల్ని టేపుతో కొలుచుకుని వెళ్ళేవాడు. నోఖదాకి ఆయనంటే పడదు. "సముద్రానికి చొక్కా కుడతాడట, దర్జీ," అని ఎకసెక్కాలాడేవాడు. ఈసారి నోఖదానే ఆయన్ని పిలిపించాడు. ఆ వారం పడిన ఒకే ఒక్క పెద్ద హమూర్‌ని వదలకుండా దాచి తెచ్చి ఆయన ముందు పెట్టి, కోయమన్నాడు. కోశాడు. గుడ్లు లేవు. నొక్కితే తెల్లగా పాలలాంటిది కారింది. మగది.

ఈజిప్టు ఆయన అరబ్బీలో చెబుతుంటే నోఖదా మాకు హిందీలో చెప్పడం మొదలుపెట్టాడు. హమూర్ ఆడదిగా పుడుతుందట. ఆడదిగానే గుడ్లు పెడుతుందట. చాలా ఏళ్ళు బతికి బాగా పెరిగాక, అప్పుడు మగది అవుతుందట. అక్కడిదాకా చెప్పి నోఖదా ఆగిపోయాడు. "ఇతను ముసలివాణ్ణని నాతో ఆడుకుంటున్నాడు," అన్నాడు, చెవులు ఎర్రబడి. "ఈడికి ఎండదెబ్బ తగిలిందిరా," అని బావ నా చెవిలో అన్నాడు. ఈజిప్టు ఆయన నవ్వలేదు. పుస్తకాల్లో అలాగే ఉందని, ఇక్కడి చేపల్ని ఇంకా చూస్తున్నామని అన్నాడు.

నేను ఉండబట్టలేక నా విరిగిన అరబ్బీలోనే అడిగేశాను: "అయితే పెద్దవాటిని వదిలి మేం మంచి చేశామా, చెడు చేశామా?"

ఆయన టేపు చుట్టుకుంటూ ఆలోచించాడు. చెడు కాదన్నాడు, మగవి మిగలాలి కదా అన్నాడు. కానీ చిన్నవాటినన్నిటినీ పట్టేస్తే పెద్దవయ్యేవి ఎక్కడివి అన్నాడు. మునుపు ఇంత చిన్నవాటికి గుడ్లు ఉండేవా అని నోఖదా అడిగాడు. ఉండేవి కావేమో, పెద్దవి కరువైతే చిన్నవి తొందరపడతాయేమో, చూడాలి అన్నాడు. చదువుకున్నవాడు కదా ఏదో ఒకటి గట్టిగా చెబుతాడనుకుంటే, ఆయనా మాలాగే నీళ్ళు నమిలాడు. నాకు ఆయన మీద జాలీ కోపమూ ఒకేసారి వచ్చాయి.

నోఖదా చివరికి ఒకటే అడిగాడు. "ఈ చిన్నది ఆ పెద్దది కావాలంటే ఎన్నేళ్ళు?"

"చాలా ఏళ్ళు. పదేళ్ళో, ఇంకా ఎక్కువో."

"నా దగ్గర అన్ని లేవు," అన్నాడు నోఖదా.

మర్నాడు ఉదయం టీ తాగుతూ చెప్పాడు. తావు మీద ఉన్న బుట్టలన్నీ ఎత్తేద్దాం, పెద్దదీ వద్దు, చిన్నదీ వద్దు, తావుని దాని మానాన వదిలేద్దాం. సీజన్ సగం కూడా కాలేదు. తావు లేకుండా లాంచీ ఏడాది గడవదని ఆయనకి మాకంటే బాగా తెలుసు. బావ చెప్పి చూశాడు. "లాంచీ కోసం తావుని తినేస్తే, ఆ తర్వాత లాంచీ ఏం తింటుంది?" అన్నాడు ఆయన. నాకు పట్టరాని కోపం వచ్చింది. ఎప్పుడో పదేళ్ళకి పెరిగే చేప కోసం ఇవాళ నా వీసా పోవాలా? భయం కూడా వేసింది. ఇదంతా మేం చెప్పిన పులస కథతోనే మొదలైందని గుర్తొచ్చి, ఎవరి మీద కోప్పడాలో తెలియక టీ గ్లాసు కడుగుతూ ఉండిపోయాను.

లాంచీ ఆ వేసవిలో అమ్ముడైపోయింది. బావ ఇంటికి వెళ్ళిపోయాడు. నోఖదా కొడుకు దయతలిచి నన్ను దుబాయ్ అల్ ఖూజ్‌లో ఒక గోదాములో పెట్టించాడు. అవి తర్వాతి సంగతులు. నాకు వదలనిది బుట్టలు ఎత్తిన ఆ రోజు.

గాలి లేదు. నీళ్ళు కదలకుండా ఉన్నాయి. ఒక్కో బుట్టా లాగడం, తలుపు తీసి చేపల్ని నీళ్ళలోకి గుమ్మరించడం, బుట్టని డెక్కు మీద పడేసి తర్వాతి దానికి వెళ్ళడం. అలవాటైన పనే, చేతులు వాటంతటవే చేసుకుపోయాయి. చివరి బుట్టలో ఒకే ఒక్క చేప ఉంది. నా మొదటి ఏడు తర్వాత అంత హమూర్‌ని మళ్ళీ చూడలేదు. లోతు నుంచి లాగడంతో లోపలి గాలికి పొట్ట ఉబ్బి, నోట్లోంచి ఎర్రటి తిత్తి బయటికొచ్చి ఉంది. తావు చేపకి అది మామూలే, ఎన్నోసార్లు చూశాం.

"నోఖదా, ఇదొక్కటీ అమ్ముకుందాం. ఇంటికెల్లేముందు," అన్నాడు బావ. ఆ తొందరలో తెలుగులో అనేశాడు. అయినా నోఖదాకి అర్థమైంది. నా వైపు తిరిగి, "నది మనిషీ, నువ్వు చెప్పు," అన్నాడు.

వదిలేద్దామన్నాను. అది మగదని ఇప్పుడు తెలుసు. తావులో అలాంటిది ఇంకొకటి ఉందో లేదో తెలియదు. ఇద్దరం రెండు వైపులా పట్టుకుని జాగ్రత్తగా నీళ్ళలో దించాం. వెళ్ళాల్సిన తర్వాతి బుట్ట లేదు. నోఖదా ఇంజను ఆపేశాడు. ముగ్గురం అంచు మీదికి వంగి చూశాం. అది తోక రెండుసార్లు ఆడించి, తల కిందికి పెట్టి, పక్కకి తిరిగింది. తర్వాత తెల్లటి పొట్ట పైకి వచ్చింది.

కాసేపాగి వెళ్తుందిలే అనుకున్నాం. వెళ్ళలేదు. బావ గెడతో మెల్లగా కిందికి తోశాడు. మునిగి, మళ్ళీ బెండులా తేలింది. ఎక్కడినుంచి వచ్చాయో రెండు సముద్రపు పిట్టలు చుట్టూ తిరగడం మొదలుపెట్టాయి.

"ఎందుకు వెళ్ళడం లేదు?" అన్నాడు నోఖదా. నన్నే అడిగాడు. నాకు తెలియదు. మా నదిలో ఇంత లోతు ఎక్కడిది? పులసని తిరిగి వదిలినవాడు మా వైపు ఎవడున్నాడు?

"ఇన్నాళ్ళూ వదిలినవి అన్నీ ఇలాగేనా?"

"లేదు నోఖదా. నేను చూశాను. ఒకటి లోపలికి వెళ్ళింది, నా కళ్ళతో చూశాను," అన్నాడు బావ హిందీలో, గబగబా. అని నా వైపు చూశాడు, అవునని చెప్పమన్నట్టు. మూడు సీజన్లలో నేను ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. చేప నీళ్ళలో పడిన చప్పుడు వినేవాణ్ణి, అంతే, చేతులు తర్వాతి తాడు మీద ఉండేవి. నేను తల ఊపాను. అవునని ఊపానో, తెలియదని ఊపానో నాకే తెలియదు.

నోఖదా డెక్కు మీద బోర్లా పడుకుని, రెండు చేతులూ నీళ్ళలోకి చాచి, చేపని దగ్గరికి లాక్కున్నాడు. పొట్ట కిందికి వచ్చేలా తిప్పి, పసిపిల్లని నిలబెట్టినట్టు పట్టుకుని, మెల్లగా వదిలాడు. అది పక్కకి ఒరిగింది. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ ఒరిగింది. దాని మొప్పలు ఇంకా ఆడుతూనే ఉన్నాయి. ఇంజను వేయమని ఆయన చెప్పలేదు, మేం అడగలేదు. ఎండ నడినెత్తికి వచ్చేదాకా ఆయన దాన్ని నిలబెడుతూనే ఉన్నాడు, అది ఒరిగిపోతూనే ఉంది.